సలోమి చదివిన వార్త

ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. నేనేం చెప్పినా పదితో భాగించి వినాలని స్టాఫ్‌రూములో ఒక నియమం ఉండేది. మా ఇంట్లోనైతే ఇరవైతో. కాబట్టి ఇక్కడ కనబడే లెక్కలన్నీ మీరే తగ్గించుకోండి. కానీ పదహారేళ్లుగా గుండెల మీద ఒక బరువు కూర్చునుంది. దాన్ని దేనితో భాగించినా తగ్గడం లేదు. దాన్నే ఇన్నాళ్లూ పెళ్లిళ్లలో, పదవీ విరమణ సభల్లో కడుపుబ్బ నవ్వించే కథగా చెప్పుకుంటూ వచ్చాను. జనం నవ్వినకొద్దీ అది బరువెక్కింది. ఇవాళ నవ్వించకుండా చెబుదామని కూర్చున్నాను. నాకు చేతనవుతుందా? చూద్దాం.

అప్పట్లో నేను విజయవాడలో ఒక మున్సిపల్ హైస్కూల్లో తెలుగు మాస్టారిని. మా బడికి రాని రకం పిల్లలు లేరు. ఆటోనగర్ మెకానిక్కుల పిల్లల నోటుబుక్కులు తెరిస్తే గ్రీజు వాసన కొట్టేది. మసీదు వీధి పిల్లలు, చర్చి సందు పిల్లలు, రాజస్థాన్ నుంచి పాలరాయి పనికొచ్చిన వాళ్ల పిల్లలు, కృష్ణ ఒడ్డున కరకట్ట కింద రేకుల ఇళ్ల పిల్లలు. పిల్లలు తెచ్చిన రంజాను సేమ్యా, క్రిస్మసు కేకు, చవితి ఉండ్రాళ్లు తిని నేను ఏడాదికి పాతిక కిలోలు పెరిగేవాణ్ణి. ఆరువందల మంది పిల్లలు పొద్దున్నే ఎండలో వరసల్లో నిలబడితే ప్రార్థన, ప్రతిజ్ఞ, మంచిమాట, చివర్లో వార్తలు. ఆ కార్యక్రమానికి ఇన్‌ఛార్జిని నేను. పేపరు చూసి ఐదు వార్తలు చీటీ మీద రాసిస్తే, వంతు ప్రకారం ఒక విద్యార్థి మైకులో చదవాలి.

సోమవారం, గురువారం సలోమి వంతు.

సలోమి తొమ్మిదో తరగతి. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ జాకెట్లు కుడుతుంది, ఇల్లు కరకట్ట కింద. ఆ పిల్ల వార్తలు చదువుతుంటే చింతచెట్టు మీది కాకులు కూడా నోరు మూసుకునేవి. కాకుల సంగతి మీ ఇష్టం, పిల్లలు మాత్రం నిజంగానే మూసుకునేవాళ్లు. 'ళ' పలకడం నేనే నేర్పాను, రెండు నెలలు పట్టింది. "టీవీలో చదవాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలండీ?" అని వారానికోసారి అడిగేది. నాకు తెలియదు. తెలిసినట్టే చెప్పేవాణ్ణి.

అది ఆగస్టు. ఎగువన వానలు. బ్యారేజీ కొన్ని గేట్లు ఒక అడుగు ఎత్తారని, భయపడాల్సిందేమీ లేదని పేపర్లో మూలన చిన్న వార్త. ఉప్పులేని పప్పులా ఉంది. శనివారం వార్తలప్పుడు ఎనిమిదో తరగతి మొత్తం ఆవులించింది. నా కలం ఊరుకుంటుందా? గేట్లన్నీ పూర్తిగా ఎత్తేశారని, మరి కాసేపట్లో కరకట్ట దిగువ ఇళ్లలోకి నీరు రానుందని రాశాను. ఎందుకు రాశాను? పిల్లలు కళ్లు తెరవాలని. అంతకన్నా గొప్ప కారణం కోసం పదహారేళ్లు వెతికాను. దొరకలేదు.

సలోమి చీటీ చూసి నా దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, పొద్దున మేం బయల్దేరేటప్పుడు నీళ్లు మెట్ల కిందే ఉన్నాయండీ."

"పేపరోళ్లకి తెలీనిది నీకు తెలుసా? చదువమ్మా. గొంతు వణక్కూడదు."

వణకలేదు. వాళ్లింట్లోకి నీళ్లొస్తున్నాయన్న వార్తను ఆ పిల్ల స్పష్టంగా, ఆగాల్సిన చోట ఆగి చదివింది. 'ఇళ్లలోకి' అన్నచోట 'ళ్ల' భేషుగ్గా పలికింది. నేను తల ఊపాను కూడా.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. కరకట్ట పిల్లలు వరసలు తెంచుకుని గేటు వైపు పరుగెత్తారు. అన్నలు చెల్లెళ్లను చంకనేసుకున్నారు. వాళ్ల కేకలకు కట్ట కింద సగం వీధి సామాను నెత్తికెత్తుకుంది. ఒక ముసలమ్మను మంచంతో సహా కట్ట మీదికి మోశారు. నా కథలో అయితే ఆ మంచం వెనక నలభై గేదెలు కూడా ఉంటాయి. గంట తర్వాత చూస్తే నీళ్లు మెట్ల కిందే ఉన్నాయి. తల్లులు తిట్టుకుంటూ బడి మీదికొచ్చారు.

హెడ్మిస్ట్రెస్ మేడం మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచారు.

"ఈ వార్త నీకెవరు చెప్పారమ్మా?"

"చీటీలో ఉందండీ మేడం."

"చీటీ ఏదీ?"

చీటీ నా జేబులో ఉంది. గొడవ మొదలవగానే ఆ పిల్ల చేతిలోంచి లాగేసుకున్నాను. నమిలి మింగేశానని పెళ్లిళ్లలో చెబుతుంటాను. అంత ధైర్యం కూడా లేదు నాకు.

"ఏం మాస్టారూ, మీరు రాసిచ్చిందేంటి?"

"కొన్ని గేట్లు, ఒక అడుగు అనే రాశాను మేడం. పిల్ల కంగారులో ఏదో చదివేసింది. వాళ్లిల్లు అక్కడే కదండీ, భయపడుంటుంది."

నా జన్మలో నేను తగ్గించి చెప్పింది అదొక్కటే. అదే అబద్ధం.

సలోమి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు చూసింది. తర్వాత మేడంతో మెల్లగా అంది: "అంతేనేమో మేడం. నాకే అట్టా కనబడిందేమో."

తన కళ్ల కన్నా నా మాటనే ఎక్కువ నమ్మింది.

మేడం బల్ల గుద్దారు. పేపర్‌వెయిట్ ఎగిరి కిటికీ దాటింది. "ఈ పిల్ల ఇంకోసారి మైకు ముట్టుకుంటే ఊరుకోను" అని గర్జించారు. సలోమి మళ్లీ వార్తలు చదవలేదు. పది పాసయి వెళ్లిపోయింది. ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించానా? లేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఇన్నాళ్లూ ఇక్కడే ఆపుతూ వచ్చాను. కానీ పైనున్న ఆ మూడు ముక్కలూ, గుద్దడం, ఎగరడం, గర్జన, నేను కల్పించినవి. మేడం గర్జించలేదు. సలోమికి గ్లాసుతో మంచినీళ్లిచ్చారు. "పోన్లే తల్లీ. గురువారం నీ వంతేగా? ఈసారి పేపరు కూడా పట్టుకొచ్చి సరిచూసుకుని చదువు" అన్నారు.

ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద వంతుల పట్టికలో సలోమి పేరు మీద వైట్‌నర్ పూసింది నేను. ఎవరూ నన్ను అడగలేదు. ఆ పిల్ల మైకు దగ్గరికొస్తే మళ్లీ ఆ చేతికి చీటీ ఇవ్వాలి, మళ్లీ ఆ ముఖం చూడాలి. నాకది కష్టంగా తోచింది. నా కష్టం తప్పించుకోవడానికి ఆ పిల్ల గొంతు నొక్కేశాను.

గురువారం ఎవరినడిగి తెచ్చుకుందో, చంకలో పేపరు పెట్టుకుని వచ్చింది.

"నా పేరు లేదేంటండీ మాస్టారూ?"

"మేడం మళ్లీ ఆలోచించి వద్దన్నారమ్మా."

"సరేనండీ" అంది. పేపరు మడుచుకుని వెళ్లి తన వరసలో నిలబడింది. వెళ్లి మేడాన్ని అడగొచ్చు. అడగలేదు. మాస్టారు చెప్పాక ఇంక అడగడమెందుకు అనుకునుంటుంది.

మేడం వద్దనలేదు, సలోమీ. నేనే.

రాశాక నా ఛాతీ కొంచెం తేలికపడినట్టుంది. నీకు తేలికపడేదేమీ ఇందులో లేదని తెలుసు.