రెండు కుళాయిలూ ఒకేసారి తెరవకూడదు

మా మావగారు పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న, నర్సీపట్నంలో మా ఇంట్లోనే కన్నుమూశారు. కాఫీ తాగి మంచం మీద ఒరిగారు, మళ్ళీ లేవలేదు. డాక్టరుగారు వచ్చి గుండె అన్నారు. పరామర్శకు వచ్చిన పక్కింటి పెద్దాయన మాత్రం, "ఇంక మా మేడమీద ట్యాంకు ఎవులు సూత్తారమ్మా?" అని నిజంగానే ఏడ్చారు.

మావగారి ఉద్యోగమంతా ఓడల్లో, ఆవిరి బాయిలర్ దగ్గర. బాయిలర్‌లో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో తెలియడానికి పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుందట. నీళ్ళు తగ్గడం చూసుకోకపోతే బాయిలర్ పేలుతుంది. అంచేత ఆ గొట్టాన్ని కనిపెట్టుకుని ఉండటమే ఆయన పని. "గాజుని నమ్మకూడదమ్మా. నిండా నీళ్ళున్నా ఒకలాగే కనపడతాది, అసలు నేకపోయినా ఒకలాగే కనపడతాది" అనేవారు. కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకీ పాఠం అయింది. మిగతా ఇళ్ళలో కొత్త కోడలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చెబుతారు.

రిటైరయ్యాక ఓడ పోయింది గానీ అనుమానం మిగిలింది. ఇడ్లీపాత్రలో నీళ్ళున్నాయో లేదో చూడటానికి మాటిమాటికీ మూత తీసేవారు. అలా తీస్తూ ఉంటే ఇడ్లీ ఎలా ఉడుకుతుంది? "నీళ్ళు పోశాను మావయ్యగారూ" అంటే, "పోసావు సరే, ఉన్నాయా?" అనేవారు. ఒకసారి జ్వరంతో ఆస్పత్రిలో చేరితే, సెలైన్ సీసా నిండుగా ఉందో ఖాళీగా ఉందో రుజువు చెయ్యమని నర్సమ్మతో తగాదా. "ఈయన్ని బేగి ఇంటికి పంపీయండి సార్" అని ఆవిడ డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడింది.

మా ఆయన వాళ్ళ నాన్నగారు ఉన్న గదిలో ఎక్కువసేపు నిలిచేవారు కాదు. గడ్డం గీసుకునే మగ్గులో కూడా తండ్రి తల పెట్టి చూస్తుంటే ఎవరు నిలుస్తారు పాపం.

అప్పుడు నాకు కొయ్యూరు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఉద్యోగం. వారమంతా అక్కడే ఉండాలి. మా ఆయన "వద్దు, వదిలెయ్" అన్నారు. ఎందుకో చెప్పరు. నేను మాట మానేశాను, ఆయనా మానేశారు. చేరాల్సిన గడువు దగ్గర పడుతోంది. మావగారు అడిగితే ఇద్దరం "ఏం లేదు, బాగానే ఉన్నాం" అన్నాం. గాజునే నమ్మని మనిషి మమ్మల్ని నమ్ముతారా?

ఒక సాయంత్రం మా ఆయన్ని పెరుగు తెమ్మని బజారుకు తోలి, నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఒక కుళాయి కట్టేసాను. ఇప్పుడు నువ్వు సెప్పు" అన్నారు.

ఆ గాజు గొట్టానికి పైన ఆవిరి కుళాయి, కింద నీళ్ళ కుళాయి ఉంటాయట. ఒకటి కట్టేసి రెండోది వదిలి చూడాలి. ధారగా వస్తే ఆ దారి బాగున్నట్టు. రెండూ ఒకేసారి తెరిస్తే ఏది పూడుకుపోయిందో తెలీదు. నాకు ధారగానే వచ్చింది, ఏడుపుతో సహా. అంతా విని, "నీ దారి సుబ్బరంగా ఉంది" అని తేల్చారు.

మా ఆయన పెరుగుతో రాగానే నన్ను వంటింట్లోకి పంపి తలుపు వేశారు. ఆ తలుపు సంగతి మాకు తెలిసిందే, అన్నీ వినపడతాయి. ఎంత అడిగినా మా ఆయన నోట మాట రాలేదు. "ఇక్కడే పూడుకుంది!" అన్నారు మావగారు, దొంగ దొరికినంత సంతోషంగా. చివరికి మా ఆయన గొంతు వినపడింది. "అది ఎల్లిపోతే ఇంట్లో నువ్వూ నేనే ఉండాలి నాన్నా. నీతో ఒక్కడినే ఉండటం నా వల్ల కాదు."

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంకో తండ్రయితే ఆ మాటకు ఇల్లు పీకి పందిరి వేసేవాడు. మావగారిది మాత్రం పెద్ద నవ్వు. "అడ్డం నానేట్రా! అలాగయితే తీసేత్తే సరి. నానే కోడలితో కొయ్యూరు ఎల్తాను."

అన్నట్టే ట్రంకు పెట్టె సర్దుకుని వచ్చేశారు. వారమంతా మేమిద్దరం కొయ్యూరులో, శనివారం బస్సెక్కి నర్సీపట్నం. ఇవాళ నేను టీచర్నంటే ఆయన వల్లే. ఆ మాట మొహం మీద అంటే, "కట్టెయ్ కుళాయి, సాలు" అనేవారు. నిజానికి ఆ నవ్వు వెనక ఆయనకి ఎంత నొప్పి కలిగిందో నాకు తెలియదు. ఆయన్ని పరీక్ష చేసినవాళ్ళు ఎవరూ లేరు.

దినవారాలయ్యాక మా ఆయన మొదటిసారి నాతో కొయ్యూరు వచ్చారు, వాళ్ళ నాన్నగారి పెట్టె తీసుకెళ్ళడానికి. బడిలో మధ్యాహ్న భోజనం వేళ. వంటామె అన్నం డేగిసా దించి, మూత తీయకుండా చేతులు కట్టుకుని నిలబడింది.

"ముసిలాయన సూడకుండా ఎప్పుడూ వడ్డించనేదు బాబూ" అంది మా ఆయనతో. "మొదట్లో తిట్టుకున్నాను. ఇప్పుడు సెయ్యి రావట్నేదు. నువ్వు సూడు."

మా ఆయన వెళ్ళి మూత ఎత్తారు. ఆవిరి కళ్ళద్దాలను కమ్మేసింది. తుడుచుకోలేదు. "ఒక్క వారం నాతో ఉండు నాన్నా అని అడిగి ఉండాల్సింది" అన్నారు, డేగిసాలోకి చూస్తూనే.

పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఎప్పుడూ ఆకలని గోల చేసేవాళ్ళు, ఆ మూత పక్కన పెట్టి వడ్డించమని ఒక్కరూ అనలేదు.