ఏడో ట్యాంకు త్రేన్పు

మీటరక్కకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఆ కోపం ఎందుకొచ్చిందో మాత్రం ఒక్కరూ అడగరు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒకటే. భూమిలో పూడ్చిన ట్యాంకుల్లో ఎంత గ్యాసు చేరిందో మీటరు పెట్టి చూడాలి, పుస్తకంలో రాయాలి, సంతకం పెట్టాలి. మెడలో మీటరు లేకుండా బజార్లో ఎదురైతే తోటి పనివాళ్ళు కూడా ఆమెను పోల్చుకోలేరు. అణు ఇంధనం కడిగిన మురికంతా ఆ ట్యాంకుల్లోనే ఉంది. తర్వాత చూసుకుందాంలే అని ఎవరో మహానుభావులు పోసేసి వెళ్ళిపోయారు. చూసుకోవడం ఈమె నెత్తిన పడింది.

ఆ మురికి ఊరికే పడి ఉండదు. దానిలోని రేడియేషన్ నీటిని విడగొట్టి హైడ్రోజన్ పుట్టిస్తూనే ఉంటుంది. ఆ గ్యాసు అడుగున ఉన్న చిక్కటి బురదలో ఇరుక్కుని, పేరుకుని, ఒకరోజు ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది. పనివాళ్ళు దానికి త్రేన్పు అని పేరు పెట్టుకున్నారు. ట్యాంకు త్రేన్చిందని ఎవరైనా అంటే చాలు, చేతిలో ఏముంటే అది కింద పెట్టేసి బయటికి నడిచేవాళ్ళు. దానికి వాసన లేదు, రంగు లేదు. ఒక్క నిప్పురవ్వ పడిందా, ట్యాంకు మూతతో పాటు లోపలి విషమంతా గాల్లోకి లేస్తుంది.

నాలుగేళ్ళ కిందట ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పుస్తకంలో త్రేన్పు అనే మాట రాయకూడదట, తనిఖీకి వచ్చే పెద్దల ముందు అసహ్యంగా ఉంటోందట. బదులుగా ‘తాత్కాలిక పెరుగుదల’ అని రాయాలి. ట్యాంకులోని గాలిని బయటికి తోడే ఫ్యాను కాసేపు ఆగినా అదే మాట. ముసురు పట్టి మీటరు రెండంకెలు లేచినా అదే మాట. ట్యాంకు త్రేన్చినా అదే మాట. ఏడో ట్యాంకు వంద రోజులకు అటూ ఇటూగా త్రేన్చుతుందని పాత పుస్తకం తిరగేస్తే పసిపిల్లకైనా తెలిసేది. కొత్త పుస్తకం తిరగేస్తే దేవుడికి కూడా తెలియదు. ఒక మాట కొట్టేయడానికి ముందు దానితో ఏం పోతుందో ఆలోచించే తీరిక ఆ ఆఫీసులో ఎవరికీ లేకపోయింది.

మీటరక్క వంటింటి కేలండర్లో గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టింది. త్రేన్చిన రోజున ఎర్ర సున్నా చుట్టి, పక్కన గ్యాసు అని రాసేది. అత్తగారు ఆ సున్నాలు చూసి, సిలిండరు వంద రోజులు వస్తోందంటే నువ్వసలు వంట చేస్తున్నట్టా, మానేసినట్టా అని దెప్పింది.

చివరి సున్నా చుట్టి నూట ఆరు రోజులైన పొద్దున, ఏడో ట్యాంకు మీది పాత పంపు గొట్టం కోయడానికి కొత్త ఇంజనీరు పని పెట్టాడు. కోసే జట్టులో, నిప్పురవ్వలు చిమ్ముతూ ఇనుము కోసే గ్రైండరు పట్టేది ఆమె తమ్ముడు. తల్లి పోయాక ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు.

తొమ్మిదింటికి మీటరు మూడు చూపించింది. గ్యాసు అంటుకునే హద్దును వంద అనుకుంటే ఇది మూడు. ఇరవై ఐదు దాటితే పని ఆపాలని రూలు. ఇంజనీరు పర్మిట్ కాగితం ముందుకు తోశాడు. ఆమె సంతకం పెట్టనంది.

“మూడే కదమ్మా. మీ మీటరే చెప్తోంది.”

“ఇప్పుడు మూడు సార్. ఇంకో గంటకి ఎంతో మీటరు చెప్పదు. నూట ఆరు రోజులైంది, ఇంకా త్రేన్చలేదు. త్రేన్చిందాకా ఆగండి.”

ఇంజనీరు పుస్తకం తిరగేసి అలాంటి మాటే ఇందులో లేదన్నాడు. ఈ రోజుల లెక్క ఎక్కడ రాసి ఉందని అడిగాడు. వంటింటి కేలండర్లో అని ఆమె చెప్పక తప్పలేదు. జట్టంతా ఘొల్లుమంది. తమ్ముడూ నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంజనీరు తనే సంతకం గీకేసి, ఇక కానివ్వండి అన్నాడు.

మీటరక్క వెళ్ళి గ్రైండరు ఉన్న పెట్టె మీద కూర్చుంది.

తమ్ముడు దగ్గరికొచ్చి, పదిమందిలో పరువు తీయొద్దని గొంతు తగ్గించి బతిమాలాడు. ఆమె కదల్లేదు. ఇంజనీరు గార్డులను పిలిపించాడు. వచ్చిన ఇద్దరూ మగవాళ్ళు. ఆడమనిషి మీద చెయ్యి వేసి ఉద్యోగాలు ఊడగొట్టుకోలేమని వాళ్ళు దూరంగా నిలబడ్డారు. ఉన్న ఒక్క ఆడ గార్డూ మెయిన్ గేటు దగ్గర ఉంది. ఆమె రావాలంటే తెల్ల సూటు తొడుక్కుని, రెండు జతల గ్లవ్స్ వేసుకుని, నాలుగు తలుపులు దాటాలి. నలభై నిమిషాల పని. అంతసేపూ మీటరక్క మీద జోకులే. గుడ్లు పొదుగుతున్నావా అక్కా అని ఒకడు అడిగాడు. ఆమె మీటరు వంకే చూస్తూ కూర్చుంది.

ఆడ గార్డు మూడో తలుపు దగ్గర ఉండగా మీటరు పదకొండు చూపించింది. ఇంజనీరు ఫ్యాను చూడమన్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇరవై ఏడు. అలారం మోగింది. యాభై నాలుగు. అందరికంటే ముందు పరిగెత్తింది ఇంజనీరే. కంచె అవతలికి చేరాక చూస్తే, కంట్రోలు గది తెర మీద అంకె డెబ్బై రెండు దాకా ఎక్కి, చాలాసేపటికి గానీ దిగలేదు. గ్రైండరు నడిచి ఉంటే ఏమయ్యేదో అక్కడ అందరికీ తెలుసు.

పుస్తకంలో ఇంజనీరు ఏం రాశాడు? తాత్కాలిక పెరుగుదల, పాలనా కారణాల వల్ల పని వాయిదా. చేతులెలా వచ్చాయో! మూడో రోజుకల్లా మీటరక్కకు మెమో అందింది. పనికి అడ్డం పడినందుకూ పై అధికారికి ఎదురు తిరిగినందుకూ సంజాయిషీ ఇవ్వాలి, అందాకా ట్యాంకుల వైపు రాకూడదు. మెమోకి జట్టువాళ్ళ సాక్ష్యం జతచేశారు. కింద ఆరు సంతకాలున్నాయి. నాలుగోది తమ్ముడిది.

సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని అతనింటికి వెళ్ళింది. అతను చిన్నకూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గోళ్ళు తీస్తున్నాడు. ఇది చదివే సంతకం పెట్టావా అని అడిగింది.

అతను తలెత్తలేదు. “చదవలేదక్కా. సార్ పెట్టమన్నాడు. అందరూ పెడుతున్నారని నేనూ పెట్టేశాను.”

దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లు ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. ఒళ్ళో ఉన్న పిల్ల వైపు చూసింది, వాడి వైపు చూసింది.

“అందరూ వెళ్తున్నారని ఆ గొట్టం కొయ్యడానికీ అలాగే వెళ్ళేవాడివిరా.”