నాయిన క్యాసెట్ చివర మోగిన దరువు

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, బౌషర్‌లో ఉండే ఒక జర్మన్ సార్ ఫ్లాట్‌కు ఏసీ రిపేరుకు వెళ్లాను. హాల్లో పెద్ద నల్ల రికార్డు తిరుగుతోంది. పాడేవాళ్లెవరూ లేరు. డ్రమ్ములూ గిటారూ కలిసి ఒకటే దరువు, ఎంతకీ ఆగదు. నా చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. అది మా ఇంటి పాట!

గల్ఫ్ నాయినల పిల్లలూ, మాటల క్యాసెట్లు గుర్తున్నాయా? మా నాయిన ఇక్కడే సైట్‌లో పనిచేసేవాడు. అక్కడి జర్మన్ ఇంజనీరు ఇచ్చేసిన పాత క్యాసెట్ మీదే తన మాటలు రికార్డు చేసి పంపాడు. "పిలగాండ్లు మంచిగ చదువుతున్నరా?" అని ఆయన గొంతు ఆగగానే, చెరగకుండా మిగిలిన ఆ దరువు మొదలయ్యేది. అమ్మ దాన్ని నాయిన కంపెనీలో నడిచే మిషన్ అనుకుంది. ఆ దరువుకు తగ్గట్టే జొన్నరొట్టెలు తట్టేది. ఇల్లంతా కాలిన పిండి వాసన. మేం టేప్ ఆపబోతే, పిండి చేత్తోనే ఒక్కటిచ్చేది.

"ఆపకుండ్రి! మిషిని నడుస్తుంటేనే మీ నాయినకు డ్యూటీ ఉన్నట్టు."

సార్‌ను అడిగితే, డెబ్బైల నాటి తమ దేశపు రాక్ ఆల్బమ్ అన్నాడు. వెంటనే ఇంటికి వీడియో కాల్ చేసి, ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాను. అమ్మ ఇట్టే గుర్తుపట్టి, పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్న నాయిన వైపు ఫోన్‌ను తిప్పింది.

"ఇగో, నీ మిషిని ఇంకా నడుస్తనే ఉన్నది!"

అది పాటని నాయినకు మొదటినుంచీ తెలుసు. నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు.

"మంచి మిషిని. ఒక్కనాడు ఆగలే."