పద్నాలుగేళ్ల పాయింట్లు

సింగపూర్‌లోని వన్-నార్త్ సైన్స్ పార్కులో పరిశోధకుడైన మహీధర్, ఎల్క్ అనే భారీ దుప్పిని వేటాడాలని, తను చదువుకున్న అమెరికా రాష్ట్రంలో పద్నాలుగేళ్లుగా ఏటా ఒకటి చొప్పున వేట పర్మిట్ పాయింట్లు కొని కూడబెట్టాడు. పాయింట్లెక్కువుంటే గొప్ప అడవికి పర్మిట్ దొరుకుతుంది. ఈ ఏడాది కొండల మీది అడవినే ఎంచుకున్నాడు. సాధన కోసం బియ్యం బస్తా వీపున కట్టుకుని, సెంగ్‌కాంగ్‌లోని తమ అపార్ట్‌మెంటు బ్లాకు మెట్లెక్కాడు. ఆరో అంతస్తులో కూలబడ్డాడు.

"వీరుడుగారూ, లిఫ్టున్న అడవేదైనా ఉందేమో చూడండి," అంది భార్య నిఖిల.

మహీధర్ మనసు మార్చుకుని, రోడ్డు పక్కనున్న చదునైన అడవికే పాయింట్లన్నీ ధారపోశాడు. పర్మిట్ వచ్చింది. ఆ అడవికి వెళ్లి గుడారం వేసుకుంటే, పక్క గుడారంలో ఒక ముసలాయన కనిపించాడు.

"మీరెన్ని పాయింట్లు పెట్టారు?" అని అడిగాడు మహీధర్.

"ఒక్కటీ లేదు. ఈ అడవికి అడిగినవాళ్లందరికీ ఇస్తారుగా!"

వారమంతా తిరిగినా ఎల్క్ జాడ లేదు. సింగపూర్ చేరిన మర్నాడే మహీధర్, ఎంతో దూరదృష్టితో, మళ్లీ మొదటి పాయింటు కొన్నాడు.