చెవి తాకగానే రండి

మా బావ తన గుండు తనే గీసుకున్నాడు. షాపు షట్టరు సగం దించి, కస్టమర్లు కూర్చునే కుర్చీలో తనే కూర్చుని, మెడకు తెల్లగుడ్డ కట్టుకుని మరీ గీసుకున్నాడు. వెనక వైపు కనిపించక నన్ను పిలిచి రెండో అద్దం పట్టుకోమన్నాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అనీ, అది వెన్నెముక దాకా పాకిందనీ ఆ పొద్దునే డాక్టరమ్మ చెప్పింది. నేను అద్దం పట్టుకుని ఏడుస్తున్నాను. ఆయన మాత్రం తాపీగా కత్తి నడుపుకుంటున్నాడు.

"కదలకు బామ్మర్దీ, గాటు పడుతుంది."

"ఇప్పుడెందుకు బావా ఇదంతా?"

"ఆ మందులకి ఎలాగూ ఊడేదే కదా. కటింగ్ షాపు నడిపేవాణ్ణి. నా షాపులో నేను చెప్పకుండా ఒక్క వెంట్రుక కింద పడ్డానికి వీల్లేదు."

అక్క షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. నేల మీద జుట్టు చూసింది, ఆయన తల చూసింది. మూలనున్న చీపురు తీసుకుని ఊడ్చింది. ఆ షాపులో ఆయన తప్ప ఇంకెవరూ చీపురు పట్టగా నేను చూడలేదు.

రెండు వారాలకి, ఊపిరితిత్తి నుంచి తీసిన ముక్క మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని ముందు ఆయన తల వైపు చూసింది.

"ఈ గుండేంటండీ?"

"మీ మందుకి ఊడిపోతుంది కదా మేడమ్, ముందే తీసేశా."

"ఎవరు చెప్పారు? నేను చెప్పానా?"

అప్పుడావిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆయన క్యాన్సర్ కణాల్లో ఒక జన్యువు మారిపోయిందట. స్విచ్చు ఆన్‌లోనే ఇరుక్కుపోయినట్టు, అవి పెరుగుతూనే ఉంటాయట. సరిగ్గా ఆ స్విచ్చునే పట్టుకుని ఆపే మాత్ర ఉంది. రోజూ ఒకటి వేసుకోవాలి. జుట్టు ఊడదు.

"పైగా కొంతమందికి కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా పెరుగుతాయి, వంకీలు తిరుగుతాయి," అంది.

అక్క పగలబడి నవ్వింది. జబ్బు బయటపడ్డాక అదే మొదటిసారి. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది, ఆ తర్వాత అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బావ గుండు తడుముకుంటూ, "తొందరపడ్డాను" అన్నాడు. క్యాన్సర్ వచ్చిందని ముందుగానే గుండు గీసుకుని, చివరికి కనురెప్పలు పెంచుకున్న మనిషి ప్రపంచంలో మా బావ ఒక్కడే అయ్యుంటాడు.

"ఎన్నాళ్ళు వేసుకోవాలి మేడమ్?" అని అడిగాడు.

"పనిచేసినన్నాళ్ళు. ఇది జబ్బుని పూర్తిగా తీసెయ్యదు, అణిచి ఉంచుతుంది. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు. మీకెన్నాళ్ళో నాకు తెలీదండీ. మూడు నెలలకోసారి స్కాన్ చేసి చూసుకుంటూ వెళ్దాం."

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. అంత చదువుకుని తెలీదంటుందేమిటి అనుకున్నాను. అసలు నాది ముక్కు మీది కోపం. ఆ రోజుల్లో కనిపించినవాళ్ళందరి మీదా వచ్చేది. వీధిలో ఎవరు ఎదురైనా, "మీ బావ రోజుకెన్ని సిగరెట్లు కాల్చేవాడు?" అని అడిగేవాళ్ళు. మా బావ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. నోట్లో సిగరెట్టుతో ఎవరైనా షాపు మెట్టెక్కితే, అది పారేసేదాకా కుర్చీ తిప్పేవాడు కాదు. నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం నాది, రోజంతా గుమ్మాల ముందు నిలబడాలి. కాబట్టి ఈ జవాబు నేను ఊరంతా చెప్పాల్సి వచ్చింది. కొందరితో తగాదా కూడా పెట్టుకున్నాను.

బావ షాపు చిన్నది. రెండు కుర్చీలు, ఒకదానికి ఎత్తు పెంచే పెడలు పనిచేయదు. పొట్టివాళ్ళని బాగున్న దాంట్లో, పొడుగువాళ్ళని పాడైన దాంట్లో కూర్చోబెడతాడు. పౌడరు వాసన, తడి గుడ్డల వాసన, స్టెరిలైజరులో మరిగే నీళ్ళ చప్పుడు. అద్దం అంచున మాత్రం ఏ సినిమా బొమ్మా ఉండదు. "తల వాళ్ళది, బొమ్మ ఇంకొకరిది ఎందుకు?" అంటాడు.

ఆయనకో అలవాటుంది. కటింగ్ అయ్యాక మెడ మీద బ్రష్షు ఆడించి, గుడ్డ దులిపి, కస్టమరు లేచే ముందు మళ్ళీ ఎప్పుడు రావాలో చెబుతాడు. తారీకు చెప్పడు. ఒకరితో "కాలరు తాకగానే రండి" అంటాడు. ఇంకొకరితో "మీసం పెదవి దాటితే ఆగకు" అంటాడు. పక్క వీధిలో ఉండే రిటైరైన పోస్ట్‌మ్యాన్ పెద్దాయనతో ఎప్పుడూ ఒకటే మాట: "చెవి తాకగానే రండి." ఆయన కూడా ఎప్పుడూ ఒకటే జవాబు చెబుతాడు: "నేనుంటే వస్తానోయ్." ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ మాట లేకుండా ఆ షాపులో కటింగ్ పూర్తి కాదు.

మాత్రలు మొదలయ్యాక ఆ మాట ఆగిపోయింది. దగ్గు తగ్గింది, నడుం నొప్పి తగ్గింది, మొదటి స్కాన్ చూసి డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. ఆయన షాపుకు తిరిగొచ్చాడు. కానీ గుడ్డ దులిపి, "సరే, మంచిది" అని ఊరుకునేవాడు. నా జుట్టు కత్తిరించిన రోజు గమనించాను.

"నన్నెప్పుడు రమ్మంటావు బావా?"

ఆయన కత్తెర తుడుస్తూనే ఉన్నాడు. "నేనుంటానో ఉండనో తెలీకుండా మనిషిని రమ్మనడం మోసం కదరా," అన్నాడు మెల్లగా. "వాళ్ళొచ్చి షట్టరు ముందు నిలబడితే ఎంత సిగ్గుచేటు."

చావు గురించి ఆయన భయపడింది అంతే. మాట ఇచ్చి కస్టమరుని తిప్పడం ఇష్టం లేదు.

ఆ మాత్ర జబ్బుని పట్టుకుంది సరే, ఆయన్ని కూడా వదల్లేదు. ముందు మొహం నిండా ఎర్రటి పొక్కులు లేచాయి. కటింగ్ షాపులో పొక్కుల మొహం చూస్తే ఎవరు కూర్చుంటారు? అంటుకుంటుందేమోనని జనం గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. పోస్ట్‌మ్యాన్ పెద్దాయన మాత్రం వచ్చి బాగున్న కుర్చీలో కూర్చుని, బయట నిలబడ్డవాళ్ళకి వినిపించేలా, "గడ్డం కూడా చెయ్యవోయ్, తొందరేం లేదు" అన్నాడు. ఆ పెద్దాయనకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

కనురెప్పలు డాక్టరమ్మ చెప్పినట్టే పెరిగాయి. వంకీలు తిరిగి కళ్ళలో గుచ్చుకునేవి. వాటిని అక్క కత్తిరించేది. ఆయన కళ్ళు మూసుకుని తన కుర్చీలో తలవాల్చి, చూడకుండానే హుకుంలు జారీ చేసేవాడు. "కత్తెర కాదు, దువ్వెన ముందు. చెయ్యి నా బుగ్గకి ఆనించు. ఊపిరి పీల్చకు." "నా ఊపిరి నా ఇష్టం, మీరు మాట్లాడకుండా ఉండండి," అనేది అక్క. ఊరందరి తలలూ పట్టుకున్న మనిషి తన కళ్ళు పెళ్ళాం చేతిలో పెట్టి అలా కూర్చుంటే చూడముచ్చటగా ఉండేది.

అసలు కష్టం వేళ్ళకి వచ్చింది. గోళ్ళ అంచులు వాచి, చీము పట్టి, కత్తెర రింగులో బొటనవేలు దూరేది కాదు. దూరినా ప్రాణం విలవిల్లాడేది. అక్క రింగులకి మెత్తటి గుడ్డ చుట్టింది. ఆయన ఎడమ చేతికి మార్చి చూశాడు. ప్రయోగాలన్నీ నా నెత్తి మీదే. నెల రోజులు నేను టోపీ లేకుండా ఏ ఇంటి మీటరూ చూడలేదు. అయినా నోరెత్తలేదు. నా కోపం ఆయన దగ్గర మాత్రం పనిచేయదు.

ఒకరోజు ఎడమ చేత్తో పోస్ట్‌మ్యాన్ పెద్దాయనకి కత్తిరిస్తుంటే, చెవి అంచు తెగింది. రక్తం కాలరు మీద పడింది. పెద్దాయన "చీమ కుట్టినట్టుందోయ్" అని నవ్వేశాడు. బావ నవ్వలేదు. ఆ చెవికి మందు రాసి, చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్ళ వృత్తిలో ఆయన ఎవరికీ గాటు పెట్టలేదు.

తర్వాత కొన్ని వారాలకి ఆయన మొహం తేటపడింది. పొక్కులు మానాయి. వేళ్ళు ఆరాయి. మళ్ళీ కుడిచేత్తో కత్తెర టకటకలాడించాడు. జనం తిరిగొచ్చారు. నేను పొంగిపోయి స్వీట్లు కూడా పట్టుకెళ్ళాను. అక్క ఆ పొట్లం విప్పలేదు. ఆయన గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది, కనురెప్పలు వేలితో తాకి చూసింది.

"మాత్ర వేసుకోవట్లేదు కదూ?"

బావ అబద్ధం చెప్పలేడు. ఆ నున్నటి మొహమే ఆయన గుట్టు బయటపెట్టింది. పెద్దాయన చెవి తెగిన నాటి నుంచి మాత్ర మానేశాడు.

అక్క గొంతు నేనెప్పుడూ అంత గట్టిగా వినలేదు. "మీ చేతులు నాకెందుకు? నాకు మనిషి కావాలి!"

"ఈ చేతులు లేకపోతే ఆ మనిషిని నువ్వు గుర్తుపట్టవే," అన్నాడాయన. "నేనూ గుర్తుపట్టను. ఊరికే ఇంట్లో కూర్చుని బతకమంటావా?"

ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆవిడ విని కలం బల్ల మీద పడేసింది.

"వేళ్ళు ఇంతలా ఉన్నాయని నాకెందుకు చెప్పలేదు?"

"బాగైపోతాయని..." అని నసిగాడు బావ. "మందు మంచిది మేడమ్. దాని మీద చాడీలు చెప్పినట్టుంటుందని."

ఆవిడకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ముందు తిట్టింది. "ఆపాల్సి వస్తే నేనే కొన్నాళ్ళు ఆపేదాన్ని. డోసు తగ్గించొచ్చు, వేళ్ళకి మందులున్నాయి. ఇది ఏళ్ళ తరబడి చెయ్యాల్సిన వైద్యం. మీరు పనిచేసుకుంటూ వేసుకునేలా చూడ్డమే నా పని. మీకు మీరే ఆపేస్తే అది లోపల మళ్ళీ పెరగొచ్చు, అర్థమవుతోందా? ముందు స్కాన్ చేయించండి."

ఆ స్కాన్ ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు నాకు నరకం. మానేసిన ఆ కొన్ని వారాల్లో జబ్బు ఎంత దూరం పోయిందోనని అక్క అన్నం ముద్ద మింగలేకపోయింది. బావ మాత్రం పొద్దున్నే షట్టరు ఎత్తి, కత్తెరలకి సాన పెట్టుకుంటూ కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడికీ శ్రద్ధగా కత్తిరించాడు. చివర్లో "సరే, మంచిది" అనే అన్నాడు.

ఫలితం తీసుకోవడానికి మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"పెరగలేదు," అంది. "అదృష్టవంతులు. తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెడదాం. మూడు నెలలకి రండి."

అక్క నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. బావ లేవలేదు. ఏదో కొత్త మాట విన్నట్టు ఆవిడ వంకే చూస్తున్నాడు.

"మూడు నెలలకి నేను ఎలా ఉంటానో మీకు తెలుసా మేడమ్?"

"తెలీదు."

"మరి రమ్మంటున్నారు?"

"రమ్మనకపోతే ఎలాగండీ? మీరు రావాలి, నేను చూడాలి. నాకు తెలిసింది అంతే." చెప్పేసి ఆవిడ తర్వాతి పేషెంటుని పిలిచింది.

మెట్లు దిగేటప్పుడు ఇంటికి వెళ్దామని అక్క అంటే, బావ షాపుకు పోదామన్నాడు. అక్కడ పోస్ట్‌మ్యాన్ పెద్దాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెవి మానిపోయింది, జుట్టు మాత్రం దాని మీద పడుతోంది. ఆ చేతికి మళ్ళీ తల అప్పగించడానికి పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నాడు.

బావ ఆయన్ని కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, కుడిచేత్తో కత్తెర పట్టాడు. ఆ పాత గాటు దగ్గరికి వచ్చినప్పుడు చెవిని వేళ్ళతో ఒడుపుగా మడిచి, దాని చుట్టూ చిన్న చిన్నగా కత్తిరించాడు. బ్రష్షు ఆడించాడు. గుడ్డ దులిపాడు. పెద్దాయన లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"చెవి తాకగానే రండి."

పెద్దాయన అద్దంలోంచి ఆయన్ని చూశాడు. ఆ వయసు మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ, గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"నేనుంటే వస్తానోయ్."

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఒకసారి మాత్ర పనిచేయడం మానేసింది, డాక్టరమ్మ మళ్ళీ పరీక్షలు చేసి ఇంకోటి ఇచ్చింది. దానికీ ఒక రోజు వస్తుందని బావకి తెలుసు, మాకూ తెలుసు. ఆ మందు మారిన వారమే నేను కటింగ్‌కి వెళ్ళాను. ఆయన నా మెడ తుడిచి, గుడ్డ దులిపి, "కాలరు తాకగానే రా బామ్మర్దీ" అన్నాడు. వస్తానన్నాను.