నీకోసం ఎవరూ రాలేదన్నాను

నేనాడిన ఒక మాట నాతోపాటే ముసలిదైంది. మా ఆయనకి చెప్పలేదు. ఆయన పోయారు. పిల్లలకి చెప్పలేదు. వాళ్లకీ తలలు నెరిశాయి. ఇప్పుడు మీకు చెబుతున్నాను, జాలిపడమని కాదు. పేరు రాయను. నన్నెరిగినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.

కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివి, ఇరవై రెండేళ్లకి కెనడా వచ్చాను. చర్చి నడిపే ఒక హోమ్‌లో మొదటి ఉద్యోగం. పెళ్లికాకుండా కడుపొచ్చిన అమ్మాయిల్ని కన్నవాళ్లే తెచ్చి అక్కడ దాచేవాళ్లు. చుట్టాలింటికి వెళ్లిందని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. కాన్పయ్యాక బిడ్డ దత్తతకి, తల్లి ఉత్త చేతులతో ఇంటికి. అడుగుపెట్టగానే హోమ్ పెద్ద, మేట్రన్, వాళ్లకి వేరే పేరు పెట్టేది.

మార్గరెట్‌కి రూత్ అని పెట్టింది. పదిహేడేళ్ల పిల్ల. నాతో దుప్పట్లు మడతపెడుతూ అసలు పేరు చెప్పింది. "మా అమ్మమ్మకి తెలిస్తే వచ్చి తీసుకెళ్తుంది" అంది. మగబిడ్డ పుట్టాడు. ఇవ్వనని మొండికేసింది. తిట్టినా, బతిమాలినా వినలేదు.

ఒక మధ్యాహ్నం బెల్ మోగింది. మేట్రన్ లేదు. తలుపు తీశాను. గోధుమరంగు కోటు, మగవాళ్ల రబ్బరు బూట్లు, మెట్ల మీద ఒక పెద్దావిడ.

"మా మార్గరెట్ ఇక్కడుందా?"

"ఆ పేరుగల అమ్మాయి లేదండీ."

"నేను దాని అమ్మమ్మని. తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ తీసుకెళ్తాను. ఊరు ఏమన్నా నాకు లెక్కలేదు. వాళ్లకి గది కూడా సర్ది వచ్చాను."

"లేదన్నాను కదా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. శ్రమ ఇచ్చాను, ఏమనుకోకమ్మా అని మెట్లు దిగింది.

రూత్ ఉంది గానీ మార్గరెట్ లేదు, కాబట్టి నేనాడింది అబద్ధం కాదు. ఈ తెలివి నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది. కానీ సాయంత్రం ఆ పిల్ల అడిగింది, బెల్ మోగిందే, నాకోసమా అని. "నీకోసం ఎవరూ రాలేదు" అన్నాను. ఇది ఏ తెలివికీ లొంగలేదు. ఆ తర్వాత బిడ్డని ఎత్తుకెళ్తుంటే మార్గరెట్ అడ్డు చెప్పలేదు.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? అలా చెప్పుకుంటే ఎంత సుఖం! నిజం వేరు. హాస్టల్లో బైబిలు పట్టుకుని బుద్ధిగా పెరిగిన నాకు ఆ అమ్మాయిలంటే చిన్నచూపు. తప్పు చేసిన పిల్లని కళ్లకద్దుకుని తీసుకెళ్లడానికి ఒక మనిషి రావడం నేను ఓర్చుకోలేకపోయాను. అంతే.

పోయిన నెల ఇక్కడ కాల్గరీ లైబ్రరీలో అలాంటి తల్లులంతా కలుస్తున్నారని తెలిసి, ఎందుకో చెప్పకుండా మా అబ్బాయిని తీసుకెళ్లమన్నాను. ఒకావిడ లేచి తన పేరు చెప్పింది. మార్గరెట్. "నన్ను ప్రేమించింది మా అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ కూడా రాలేదు. అందుకే మళ్లీ ఆవిడ గుమ్మం తొక్కలేదు. పోయిందని తెలిసినా వెళ్లలేదు" అంది.

బిడ్డని మాత్రమే లాక్కున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అమ్మమ్మని కూడా లాక్కున్నానని అప్పుడే తెలిసింది.

లేచాను. "ఆవిడ వచ్చింది. తలుపు తీసింది నేను. నువ్వు లేవని చెప్పి పంపేశాను."

మార్గరెట్ నా దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాను. "ఏం వేసుకుంది?" అని అడిగింది. చెప్పాను. కోటు, బూట్లు, సర్దిన గది. "మళ్లీ చెప్పు. బెల్ దగ్గర్నుంచి చెప్పు." మళ్లీ చెప్పాను.

"నిన్ను క్షమించను" అంది.

"అడగలేదమ్మా" అన్నాను. వెళ్లిపోయింది.

కారులో మా అబ్బాయి, "అమ్మా, అప్పటి సిస్టమే అంత. లెట్ ఇట్ గో. చర్చిలో మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నాడు. మేట్రన్ ఆ పూట ఊళ్లోనే లేదురా, నన్నెవరూ ఆపలేదు అన్నాను.

ఆదివారం మా తెలుగు చర్చిలో సాక్ష్యాల వేళ లేచి తెలుగులో మొత్తం చెప్పాను, నా చిన్నచూపుతో సహా. మధ్యలో పాస్టర్ గారు, "దేవుడు ఎప్పుడో క్షమించేశాడు ఆంటీ" అంటూ మైక్ కోసం చెయ్యి చాపారు. నేనివ్వలేదు. చివరిదాకా చెప్పి, అప్పుడు కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఊపిరి మాత్రం అడుగుదాకా అందింది.