ఇది తినేదే

మంగళవారం పొద్దున మా సార్ పోయారని అడాజన్‌లోని వాళ్ళింటి నుంచి మేడం, అంటే ఆయన భార్య, ఫోన్ చేశారు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "సరిగ్గా చూశారా మేడం?" అన్నాను. ఆవిడ ఏడుపు ఆపి, "చూసిండ్రమ్మా. ఇంకో డాక్టర్ను గూడ పిలిపించిన. ఒక్కరి మాట ఆయన ఎన్నడు నమ్మిండని?" అన్నారు. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

సార్ నా పరిశోధనకు గైడు. మన పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులకూ, శరీరం తన కీళ్ళనే శత్రువులనుకొని దాడి చేసే వాతానికీ ఉన్న చుట్టరికం ఏమిటన్నది ఆయన జీవితమంతా వెతికిన ప్రశ్న. ఆయనా, గుజరాతీల ఊరికి వలసొచ్చిన తెలుగు నేతగాళ్ళ బస్తీలో, మా మగ్గాల బస్తీలోనే పుట్టినవారు. ఆ బస్తీ మాత్రం ఆయన కృషిని ఒక్క ముక్కలో తేల్చేసింది: "పెద్ద చదువే సదివిండు గానీ, దొడ్డికి వోయింది చూస్తడు."

ల్యాబులో నమూనాల ఫ్రిజ్ వేరు, తిండి ఫ్రిజ్ వేరు. అయినా సార్ తన స్టీలు డబ్బా మీద తెలుగు, హిందీ, గుజరాతీ మూడింటిలోనూ "ఇది తినేదే" అని రాసి అంటించుకున్నారు. రాసింది తనే అయినా మూత తీసి వాసన చూడందే ముద్ద ముట్టేవారు కాదు. "నా రాతే కదమ్మా. నేను తప్పు రాసిన రోజులు లేవా?" అనేవారు.

గ్యాస్ కట్టేశానో లేదోనని ఊరు దాటి పల్సానా దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన మనిషిని నేను. ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బు అనేవారు. సార్ ఒక్కరే అర్హత అన్నారు. "సందేహమొస్తే ముందు చెప్పు. భయపడుడు తర్వాత. దానికి టైముంటది."

ఒక్కసారి మాత్రం చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మా బస్తీ మగ్గాల కాలనీలో కీళ్ళవాతం ఉన్న పదకొండు మంది ఆడవాళ్ళకు మల నమూనాల డబ్బాలు పంచి, తిరిగి తెచ్చింది నేనే. ఫలితాలు చూస్తే వాళ్ళ పేగుల్లోని సూక్ష్మజీవులు ఆరోగ్యవంతుల వాటిలాగే నిక్షేపంగా ఉన్నాయి. అంటే ఈ జబ్బుకూ పేగులకూ ఏ సంబంధమూ లేదన్నమాట. సార్ ఆ మాట ఒక పెద్ద సభలో చెప్పడానికి సిద్ధమయ్యారు. చెబితే ఆ ఆడవాళ్ళ కోసం ఈ దారిన మళ్ళీ ఎవరూ రారు. నా గుబులు ఒకటే: నమూనాలు మరీ ఒకదానిలా ఒకటి ఉన్నాయి. అక్కచెల్లెళ్ళవైనా అంతగా కలవవు. తప్పు నాదైతే? రెండేళ్ళ పని మట్టికొట్టుకుపోతే? సభకు టికెట్లు కూడా తీసుకున్నాక చెప్పాను. సార్ కాగితాలు తిరగేసి, "పా, పోయి అడుగుదాం" అని స్కూటర్ తీశారు.

డబ్బాలు ఎట్లా నింపారని అడగ్గానే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఒకామె తెగించింది.

"ఏంది సారూ, రోగపుది తీస్కొచ్చి మీ చేతిల పెడ్తమా? సేటుకు చూపెట్టేకాడ పోగు తెగిన ముక్క పెడ్తమా? మంచిది జూసే ఇస్తం గద!"

"మరి గా మంచిది ఎవరిదక్కా?" అన్నారు సార్.

అందరూ గుమ్మంలో మంచం మీదున్న తాత వైపు చూశారు. డెబ్బై ఏళ్ళ ఆ కాలనీ పెద్దమనిషి మీసం సవరించుకున్నాడు.

"నాదే బిడ్డా. టైమంటే టైమే, గడియారం పెట్టుకోవచ్చు. గింతమంది ఆడబిడ్డలు అడిగితె ఎట్ల కాదంట? ఆ వారం జర తిప్పలైంది గానీ."

సార్ మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ సాయంత్రమే సభకు రానని రాసేశారు, కారణంతో సహా. నన్ను ఒక్క మాట అనలేదు. "ఎందుకు అడుగుతున్నమో మనం చెప్పలే. వాళ్ళు మర్యాద చేసిండ్రు" అన్నారంతే. ఈసారి ఆయనే ఇల్లిల్లూ తిరిగారు. "అక్కా, నాకు చెడ్డ ముక్కే గావాలె. మగ్గం ఏడ తప్పు నేస్తుందో చెడ్డ ముక్క జూస్తెనే గద తెలుస్తది" అన్నారు. నేతగాళ్ళ ఇళ్ళలో ఆ మాటకు వివరణ అక్కర్లేకపోయింది. రెండోసారి నమూనాల్లో తేడా కనబడింది. తర్వాత ఆయనకు పేరు తెచ్చిన పనంతా ఆ తేడా మీద నిలబడిందే. మూడు వారాలు ఎందుకు ఆగావని ఆయన ఎన్నడూ అడగలేదు. నేనే ఇప్పటికీ అడుగుతుంటాను.

సార్ పోయిన పదకొండో రోజున కాలనీ ఆడవాళ్ళు ఆయన ఇంటికి వచ్చారు. ఆనాడు తెగించి మాట్లాడినామె ఫొటో ముందు నిలబడి, "మా చెడు జూసి మొకం ముడ్వని మనిషమ్మా" అంది. ఆయన గురించి చెబుదామని నేను కాగితాల నిండా రాసుకొచ్చిన మాటలన్నీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వచ్చేటప్పుడు మేడం ఆ స్టీలు డబ్బా నా చేతిలో పెట్టారు. అందులో పెరుగు ఉంది. సార్ చివరిసారి తోడేసిన పెరుగులోంచే ఆవిడ రోజూ మళ్ళీ తోడు వేస్తూ వచ్చారట. "నువ్వు గూడ ఆపకు" అన్నారు.

ఇప్పుడది మా ఇంటి ఫ్రిజ్‌లో ఉంది. కాగితం అంచులు లేచాయి, గుజరాతీ వరుస సగం చెరిగింది. పొద్దున్నే డబ్బా బయటికి తీస్తాను. ఇది తినేదే అని ఆయన చేతిరాత చెబుతూనే ఉంటుంది. అయినా మూత తీసి, ఒకసారి వాసన చూస్తాను.